అరకు కొండల్లో భూమి ఎవరిది, రాబడి ఎవరికి: 1/70 చట్టం, మన్యం పర్యాటకం

సంక్షిప్తంగా: అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి కొండలకు వచ్చే జనం ఏటేటా పెరుగుతున్నారు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం పెట్టుబడులకు అడ్డుపడుతోందని ఒక వాదన. ఆ చట్టమే లేకపోతే భూములు మిగలవని ఆదివాసీ సంఘాల వాదన. చట్టం ఆపేది భూమి చేతులు మారడాన్ని మాత్రమే, వ్యాపారాన్ని కాదు. పర్యాటకుల డబ్బు కొండ మీద నిలవకపోవడానికి పెద్ద కారణాలు వేరే ఉన్నాయి: ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోయే ప్రయాణం, తనఖా లేనిదే పుట్టని అప్పు, పంటను ముడిసరుకుగానే అమ్ముకోవాల్సి రావడం.

### వివాదం మళ్లీ ఎందుకు రాజుకుంది

2025 మొదట్లో విశాఖపట్నంలో పర్యాటక రంగంపై ఒక సమావేశం జరిగింది. ఏజెన్సీలో పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట అక్కడ శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడి నోట వచ్చింది. దాంతో మన్యం భగ్గుమంది. ఆదివాసీ సంఘాలు ఫిబ్రవరి 11, 12 తేదీల్లో 48 గంటల బంద్‌కు పిలుపునిచ్చాయి. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించడంతో గొడవ అప్పటికి సద్దుమణిగింది. ప్రశ్న మాత్రం అలాగే ఉంది: ఈ చట్టం ఉండగా కొండల మీద హోటళ్లు రావడం సాధ్యమా? సాధ్యమైతే అవి ఎవరివి అవుతాయి?

భావోద్వేగాలను పక్కనపెట్టి చట్టం ఏం చెబుతుందో చూస్తే చాలా గందరగోళం విడిపోతుంది.

### 1/70 ఆపేది ఏమిటి, ఆపనిది ఏమిటి

జనం నోట్లో '1/70 చట్టం'గా నలిగేది నిజానికి 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల (రాజ్యాంగం కింద ప్రకటించిన ఆదివాసీ ప్రాంతాల) భూ బదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ. దీని వేర్లు ఇంకా వెనక్కి, 1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖ ఏజెన్సీల కోసం తెచ్చిన చట్టం దాకా వెళ్తాయి. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు అప్పు కింద పొలాలు రాయించుకుంటున్నారన్న ఫిర్యాదులు అప్పటికే ఉండేవి. 1917 చట్టం గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా ఆంక్ష పెట్టింది. కానీ అధికారి అనుమతి అనే కిటికీ తెరిచి ఉంచింది. అప్పటికే గిరిజనేతరుల చేతికి వెళ్లిన భూమిని వాళ్లలో వాళ్లు అమ్ముకోవడానికీ అడ్డు లేకపోయింది.

1970 సవరణ ఆ రెండు దారులనూ మూసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ భూమినైనా, అమ్మేది ఎవరైనా సరే, కొనేది గిరిజనుడో, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో అయి ఉండాలి. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది ఒకప్పుడు గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందే భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది స్వాధీనంలో ఉన్నవాడే. ఈ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో ఖాయం చేసింది.

ఇక్కడ అందరూ దాటేసే మాట ఒకటి ఉంది. చట్టంలో 'బదలాయింపు' అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తనఖా, దానం, మార్పిడి, బినామీ ఒప్పందం అన్నీ ఆ మాట కిందికే వస్తాయి. అంటే 'కొనడం లేదు కదా, పదకొండేళ్లకో ముప్పై ఏళ్లకో లీజుకు తీసుకుంటున్నాం' అనేవారికీ రక్షణ లేదు.

మరి ఆపనిది ఏమిటి? గిరిజన కుటుంబం తన భూమిలో తానే లాడ్జి కట్టుకోవచ్చు. గదులు అద్దెకు ఇవ్వచ్చు. మైదానం నుంచి వంటవాణ్ని, మేనేజరును జీతానికి పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ బుకింగ్ కంపెనీతో కమీషన్ మీద ఒప్పందం చేసుకోవచ్చు. బయటి వ్యాపారి సరుకు అమ్మవచ్చు, కొనవచ్చు, బస్సు నడపవచ్చు. వీటిలో ఏదీ భూమిపై హక్కును కదిలించదు. వ్యాపారానికి చట్టం అడ్డు అన్న మాట అందుకే పూర్తిగా నిలబడదు. అడ్డు పడేది ఒకే ఒక్క తరహా పెట్టుబడికి: స్థలం తన పేరున ఉంటే తప్ప డబ్బు పెట్టనివారికి.

### సమత తీర్పు: ప్రభుత్వం చేతులు కూడా కట్టేసింది

ప్రైవేటు భూమి సంగతి సరే, ప్రభుత్వ భూమిని రిసార్టు కంపెనీకి లీజుకు ఇవ్వొచ్చు కదా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి జవాబు పుట్టింది అరకు పక్కనే ఉన్న అనంతగిరి మండలంలో, బొర్రా పరిసర గ్రామాల్లో. అక్కడి గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడాన్ని 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భూ బదలాయింపు నిబంధనలో 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు సారాంశం. ప్రభుత్వ రంగ సంస్థలకూ గిరిజన సహకార సంఘాలకూ మినహాయింపు ఉంది. గనుల లాభాల్లో కనీసం 20 శాతం స్థానికుల విద్య, వైద్యం, రోడ్లు వంటి వాటికి శాశ్వత నిధిగా పెట్టాలని కూడా కోర్టు చెప్పింది.

పర్యాటకానికి దీని ప్రభావం సూటిగా ఉంటుంది. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ తానే నడిపే హరిత హోటళ్లకు ఇబ్బంది లేదు. అదే స్థలాన్ని ప్రైవేటు సంస్థకు దీర్ఘకాలం అప్పగిస్తే అది లీజా, నిర్వహణ కాంట్రాక్టా అన్న తగువు వస్తుంది. కాగితం మీద ఏ పేరు పెట్టినా, స్వాధీనం ఎవరిది, లాభనష్టాలు ఎవరివి అన్నదే చివరికి తేల్చాల్సిన విషయం. పెట్టుబడిదారులు జంకేది సరిగ్గా ఈ అస్పష్టతకే.

### బినామీ బేరం ఎలా నడుస్తుంది, ఎక్కడ తెగుతుంది

చట్టం కఠినంగా ఉన్నచోట దొడ్డిదారులు ఉండనే ఉంటాయి. మన్యంలో వినిపించేవి ముఖ్యంగా మూడు. గిరిజన ఉద్యోగి లేదా పరిచయస్థుడి పేరున భూమి కొని, డబ్బు బయటివాడు పెట్టడం ఒకటి. స్టాంపు కాగితం మీద రిజిస్టరు చేయని 'అగ్రిమెంటు' రాసుకోవడం రెండోది. గిరిజన మహిళను పెళ్లి చేసుకుని ఆమె పేరున ఆస్తి పెట్టడం మూడోది.

ఈ బేరాల్లో ఇద్దరూ ఇరుక్కుంటారు. పెట్టుబడి పెట్టినవాడి కాగితం కోర్టులో నిలవదు. కట్టిన భవనం మీద హక్కు అడిగితే తానే నేరం ఒప్పుకున్నట్టవుతుంది. పేరు ఇచ్చిన గిరిజనుడి కష్టం ఇంకో రకం. కరెంటు బిల్లు, పంచాయతీ పన్ను, బ్యాంకు అప్పు అన్నీ అతడి పేరునే ఉంటాయి. వ్యాపారం మునిగితే బాకీ అతడిది, నడిస్తే లాభం మరొకరిది. ఇలాంటి కేసులు వినేది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు. ఫిర్యాదు లేకపోయినా తనంతట తాను విచారణ మొదలుపెట్టే అధికారం ఆయనకు ఉంది. భూమిని అసలు గిరిజన యజమానికో వారసులకో తిరిగి ఇప్పించవచ్చు. ఎవరూ లేకపోతే ప్రభుత్వం తీసుకుని వేరే గిరిజనులకు ఇవ్వొచ్చు. చిక్కల్లా వేగంతోనే. అప్పీళ్లు, స్టేలతో కేసులు ఏళ్లకు ఏళ్లు సాగుతుంటే గదులు మాత్రం ప్రతి సీజన్‌లోనూ నిండుతూనే ఉంటాయి.

### ఉదయం బండెక్కి సాయంత్రానికి దిగిపోయే ప్రయాణం

భూమి తగువు పక్కన పెడితే, రాబడిని అన్నిటికన్నా ఎక్కువగా మలిచేది ప్రయాణపు వేళలు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్ని 1960లలో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి. 58 సొరంగాల ఆ దారి తర్వాత దానంతట అదే పర్యాటక ఆకర్షణ అయింది. శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లకు పైనే. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా చేరింది. కానీ అది నేటికీ ప్రధానంగా గూడ్సు లైనే. ఖనిజం బండ్ల మధ్య ప్రయాణికుల బండ్లకు దక్కే చోటు తక్కువ.

విశాఖలో ఉదయం ఏడు లోపే బయలుదేరే ప్యాసింజరు నాలుగు గంటలు కొండెక్కి అరకు చేరేసరికి దాదాపు పదకొండవుతుంది. చేతిలో ఉన్నది ఐదారు గంటలు. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, డుంబ్రిగూడ దారిలో చాపరాయి, వీలైతే బొర్రా. అంతే, చీకటి పడేసరికి తిరుగుదారి. కారులో వచ్చినా ఇదే వరస. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు, శృంగవరపుకోట దాటాక ఘాట్. టాక్సీ విశాఖదే, హోటలు గది విశాఖదే, రాత్రి భోజనమూ విశాఖలోనే. కొండ మీద ఖర్చయ్యేది మధ్యాహ్నం తిండి, టికెట్లు, ఓ కప్పు కాఫీ, బొంగు చికెన్.

ఆ బొంగు చికెన్‌నే కాస్త దగ్గరగా చూస్తే చిన్న వ్యాపారానికి ఎదురయ్యే చిక్కులు తెలుస్తాయి. పచ్చి వెదురును ఒకవైపు కణుపు మూసి ఉండేలా నరికి, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు నింపి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద అరగంట నుంచి ముప్పావుగంట తిప్పుతూ కాలుస్తారు. నూనె అక్కర్లేదు, బొంగులోని తడే ముక్కను ఉడికిస్తుంది. ఎండు బొంగు అయితే లోపలి మాంసం ఉడికేలోగా తానే అంటుకుంటుంది. మరీ కూరి నింపితే అంచులు మాడి నడుమ పచ్చిగా మిగులుతుంది. మంట మీద పెట్టినా అంతే, నిప్పుల మీదే కాలాలి. ఒకసారి కాలిన బొంగు మళ్లీ పనికిరాదు. కాబట్టి ప్రతి వడ్డనకూ కొత్త వెదురు కావాలి. సీజన్ రోజుల్లో రోడ్డు పక్కన వరసగా దుకాణాలు పెడితే ఎంత వెదురు నరకాలో ఊహించవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. సామూహిక అటవీ హక్కు పత్రం ఉన్న గ్రామసభ వెదురు నరికి అమ్ముకోవచ్చు. పత్రం లేని ఊరివాడు అదే పని చేస్తే అటవీ సిబ్బందికి దొంగలా కనిపిస్తాడు. హక్కు పత్రం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఒకే దుకాణం సక్రమమో అక్రమమో అవుతోంది.

### మబ్బుల సముద్రం చూడ్డానికి

పగటి ప్రయాణపు వరసను కొంత మార్చింది పాడేరు దగ్గరి వంజంగి, చింతపల్లి మండలంలోని లంబసింగి. రెండూ సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. రెండిటికీ అందం తెల్లవారుజామునే. కాబట్టి రాత్రి అక్కడే ఉండక తప్పదు.

మేఘాలు కాళ్ల కింద పరుచుకోవడానికి కారణం సులువైనదే. మబ్బు లేని, గాలి లేని శీతాకాలపు రాత్రి నేల వేడిని పైకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారి అక్కడ మంచుగా కమ్ముకుంటుంది. దాని మీద కాస్త వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. ఎండ ఎక్కాక లోయ వేడెక్కి ఆ పొర చెదిరిపోతుంది. అందుకే నవంబరు నుంచి జనవరి దాకా, వాన వెలిసి ఆకాశం తేటపడ్డ మర్నాడు అవకాశం ఎక్కువ. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉండి ఆకాశం మూసుకుపోయిన రోజున ఎక్కితే చుట్టూ తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదు. ఈ తేడా తెలియక వచ్చి నిరాశపడేవాళ్లే ఎక్కువ.

రాత్రి బస అనగానే పొలాల్లో టెంట్లు వెలిశాయి. టెంటు పక్కా కట్టడం కాదు కాబట్టి పెట్టుబడి తక్కువ. కోత అయిపోయిన మడిలో వేసి రెండు మూడు నెలలు సంపాదించుకోవచ్చు. గిరిజన రైతుకు పర్యాటకంలోకి దిగడానికి ఉన్న అతి చవకైన మెట్టు ఇదే. లోపాలూ ఇందులోనే ఉన్నాయి. మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా నీరు మోసుకురావాలి. చలిమంటకు కట్టెలు అడవి నుంచి వస్తాయి. వాలు మీద పారేసిన ప్లాస్టిక్ సీసా తొలకరికి గెడ్డలో పడి కింది ఊరి నీళ్లలో తేలుతుంది. ఒక కొండ పంచాయతీ ఇంటిపన్నుల మీద వచ్చే కాస్త ఆదాయంతో వారాంతపు చెత్తను ఎత్తి కిందికి దించే లారీ పెట్టుకోలేదు. పార్కింగు, ప్రవేశ రుసుం గ్రామసభ చేతికి వచ్చిన చోట మాత్రమే ఆ ఖర్చుకు దారి దొరుకుతుంది.

చరిత్ర తెలిసినవారికి ఈ దారుల్లో మరో సంగతి కూడా కనిపిస్తుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి ఎక్కే రోడ్డు పనిలో ఆదివాసీల చేత చేయించిన వెట్టి, అడవి చట్టాలతో పోడుపై పడ్డ ఆంక్షలు 1922 తిరుగుబాటుకు కారణాల్లో ముఖ్యమైనవి. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషన్ మీదే.

### వలిసె పూల పొలం

అరకు పచ్చపూల ఫొటోలన్నీ వలిసె చేలవే. నూనెగింజ పంట. వానాకాలం చివర చల్లితే అక్టోబరు, నవంబరుల్లో కొండ పొడవునా పసుపు పరిచినట్టు పూస్తుంది. పెట్టుబడి దాదాపు ఉండదు, ఎరువు అడగదు, పశువులు పెద్దగా ముట్టవు. రైతు దాన్ని వేసేది అందుకే.

వలిసె పువ్వు సొంత పుప్పొడితో గింజ కట్టదు. తేనెటీగలు ఒక మొక్క నుంచి మరో మొక్కకు పుప్పొడి మోయాలి. జనం పొలంలోకి దిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. దంటు బోలుగా, పెళుసుగా ఉంటుంది. ఒకసారి వంగితే లేవదు. నలుగురు నడిచిన బాట ఆ సీజన్‌కు గింజ లేని బాటే. అందుకే రైతులు మనిషికి ఇంతని వసూలు చేయడం మొదలుపెట్టారు. దాన్ని దోపిడీ అని విసుక్కునే యాత్రికులున్నారు. కానీ అది పంట నష్టపరిహారం. తెలివైన రైతులు చేను నడుమ ముందే ఒక బాట వదిలి, ఓ మూల చిన్న మంచె కట్టి, మిగతా పొలానికి తాడు కడుతున్నారు. నష్టం ఆ బాట దాకానే ఆగుతుంది.

### కప్పు కాఫీలో ఎవరి వాటా ఎంత

తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లో తూర్పుగోదావరి జిల్లా పాములేరు లోయ ద్వారా వచ్చింది. అరకు వైపు విస్తరించింది ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ), కాఫీ బోర్డు కలిసి పోడు చేసిన వాలు మీద సిల్వర్ ఓక్ నాటించి, రెండు మూడేళ్లకు ఆ నీడలో కాఫీ వేయించి, చెట్టుకు మిరియం పాకించే పద్ధతిని వ్యాప్తి చేశాయి. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పేరు పెరిగింది, రైతు వాటా సంగతి చూడాలి. దాదాపు 6 కిలోల పండు నుంచి ఒక కిలో శుద్ధి చేసిన గింజ వస్తుంది. వేపితే బరువు మరో 15 శాతం పైగా తగ్గుతుంది. అంటే కిలో పొడికి సుమారు 7 కిలోల పండు. పండు కిలో ₹50 అనుకుంటే రైతుకు చేరేది ₹350. కప్పుకు 10 గ్రాముల చొప్పున ఆ పొడితో 100 కప్పులు. కప్పు ₹30 అనుకున్నా ₹3,000. పాలు, పంచదార, గ్యాసు, అద్దె తీసేసినా, మధ్యలో మిగిలేది పండు ధరకు కొన్ని రెట్లు.

మరి రైతే ఎందుకు పొడి చేసి అమ్మడు? ప్రతి మెట్టులోనూ సరుకు చెడే వీలుంది. ఎర్రగా పండిన వాటితో పచ్చికాయలు కలిసి దూసుకొస్తే రుచి వగరెక్కుతుంది. తొక్క తీసిన గింజను ఒకటిన్నర రోజు లోపు పులియబెట్టి కడగాలి. అరకు చలికి పులుపు నెమ్మదిగా ఎక్కుతుంది. గడువు దాటితే కుళ్లు వాసన పట్టుకుంటుంది. కడిగాక తేమ 11 శాతం దరిదాపులకు వచ్చేదాకా వారం పది రోజులు ఎండబెట్టాలి. మట్టి నేల మీద ఆరబోస్తే మట్టి వాసన, మంచు పడే రాత్రి కప్పకపోతే బూజు. ఇంత తంటా పడలేని ఇల్లు కాయను అలాగే ఎండబెట్టి సంతలో షావుకారుకు అప్పజెబుతుంది. పర్యాటకుడికి నేరుగా అమ్మాలంటే ఊరి స్థాయిలో పల్పరు (తొక్క తీసే యంత్రం), ఆరబోసే వలల బల్లలు, చిన్న వేపుడు యంత్రం ఉమ్మడిగా ఉండాలి. ఒక్క ఇంటికి అది తూగదు, 30–40 ఇళ్ల సంఘానికి తూగుతుంది.

యాత్రికులకు ఒక హెచ్చరిక. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడింది. కాయల్లో, వాడిన గోనెల్లో దాక్కుని అది ఊరు మారుతుంది. తోట చూడ్డానికి వెళ్లి గుర్తుగా నాలుగు కాయలు కోసుకుని జేబులో వేసుకోవడం ఇప్పుడు అమాయకమైన పని కాదు.

### థింసాకు కట్టే వెల

బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, కోందు తదితర తెగలు పంచుకునే థింసా ఆటను ఇప్పుడు చాలామంది చూసేది రిసార్టు ఆవరణలో, చలిమంట చుట్టూ, అరగంట పాటు. తుడుం, డప్పు, కిరిడి, మోరి వాయిస్తుంటే మహిళలు ఒకరి వీపు వెనుక నుంచి మరొకరి చేయి పట్టి గొలుసుగా కదులుతారు. బోడ థింసా, గుండేరి, గొడ్డిబేట, బాగ్ థింసా అంటూ సందర్భాన్ని బట్టి అడుగులు మారతాయి. వేదిక మీద ఆ తేడాలు మాయమై, చూడ్డానికి బాగున్న ఒకటి రెండు వరసలే మిగులుతాయి.

బృందంలో 20 మంది ఉంటారనుకుందాం. ప్రదర్శనకు ₹5,000 ఇస్తే మనిషికి ₹250. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి ₹307. రాత్రి చలిలో రానుపోను ప్రయాణం కలుపుకుంటే ఆట కన్నా మట్టి పనే నయం. కాబట్టి బేరం 'ప్రదర్శనకు ఇంత' అని కాకుండా 'మనిషికి ఇంత' అని మాట్లాడుకోవాలి. రాకపోకల ఖర్చు విడిగా ఉండాలి.

అసలు థింసా చూడాలంటే చైత్రమాసపు ఇటుకల పండగ రోజుల్లో ఊళ్లకు వెళ్లాలి. ముహూర్తం దిసారి పెడతాడు. మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడో కర్రో పెట్టి వచ్చేపోయేవారిని డబ్బులడుగుతారు. కొత్తవారు దీన్ని దౌర్జన్యం అనుకుని గొడవ పడుతుంటారు. అది పండగలో భాగం, పదో ఇరవయ్యో ఇచ్చి నవ్వుతూ సాగిపోతే సరిపోతుంది. అలాగే మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త వంటి కొత్తపంట పండగలు అయ్యేదాకా ఆ పంటను ఊరు నోట పెట్టదు. ఆ రోజుల్లో ఇంటివారిని మామిడికాయ కోసిమ్మని అడగడం మర్యాద కాదు.

పోలికకు తెలంగాణలోని కేస్లాపూర్ నాగోబా జాతరను చూడొచ్చు. అక్కడికీ జనం లక్షల్లో వస్తారు. కానీ పుష్య అమావాస్య రాత్రి మహాపూజ, జన్నారం వైపు హస్తినమడుగు నుంచి కాలినడకన తెచ్చే గోదావరి నీరు, కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్, ఏది ఎప్పుడు ఎవరు చేయాలో తేల్చేది గోండుల్లోని మెస్రం వంశస్థులే. 2022 డిసెంబరులో ప్రారంభమైన రాతి గుడిని కూడా వారు సొంత చందాలతో కట్టుకున్నారు. చూడవచ్చినవారు ఆ క్రమంలో ఒదగాలి తప్ప, వారి వీలును బట్టి పూజ వేళ మారదు. అరకులో అది తలకిందులైంది: ఆట ఎప్పుడు, ఎంతసేపు, ఏ చీరలో అన్నది హోటలు మేనేజరు తేలుస్తాడు.

### ఇంటి గది లెక్క

రాబడి కొండ మీద నిలవాలంటే రాత్రి బస ఆదివాసీ ఇంట ఉండాలన్నది అందరూ ఒప్పుకునేదే. అడ్డంకి అప్పు. గిరిజనుడి భూమిని బ్యాంకు మాత్రం మినహాయింపుగా స్వాధీనం లేని తనఖాగా (భూమి రైతు చేతిలోనే ఉండేలా) పెట్టుకోవచ్చు. కానీ బాకీ పడితే వేలంలో కొనగలిగేది మరో గిరిజనుడే. కొనేవాళ్లు తక్కువ కాబట్టి బ్యాంకుకు ఆ భూమి విలువ కాగితం మీదే.

రెండు గదుల లెక్క వేద్దాం. సీజన్ ఐదు నెలలు, వారాంతాలూ సెలవులూ కలిపి 45 రాత్రులు నిండితే, గదికి ₹1,500 చొప్పున ఏడాదికి ₹1,35,000. మరమ్మతులకు ₹3 లక్షలు 10 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో తెస్తే నెలకు సుమారు ₹6,375, ఏడాదికి ₹76,500. మిగిలిన ₹58,500లోంచే దుప్పట్లు, నీళ్లు, కరెంటు, బుకింగ్ కమీషన్. అదే అప్పు లేకపోతే కథ మారుతుంది. 2024 అక్టోబరులో మొదలైన కేంద్రం 'ధర్తీ ఆబా' పథకంలో వెయ్యి గిరిజన హోమ్‌స్టేలకు చోటుంది. కొత్త కట్టడానికి ₹5 లక్షల వరకు, పాతదాని మరమ్మతుకు ₹3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి వసతులకు మరో ₹5 లక్షలు. ఇందులో భూమి తనఖా ప్రసక్తే లేదు. 1/70ను ముట్టుకోకుండానే పెట్టుబడి తేవచ్చని చూపే దారి ఇది.

డబ్బు వచ్చాక చెడేవి చిన్న విషయాలే. మరుగుదొడ్డి కట్టి నీటి ట్యాంకు మరవడం, సిమెంటు గది కట్టి మంచి పెంకుటిల్లు పడగొట్టడం, దోమతెర లేకపోవడం (ఏజెన్సీలో మలేరియా మాట మరవరాదు). చోడి అంబలి, సామ అన్నం, కొండ చిక్కుళ్లు పెట్టగల ఇంట్లో యాత్రికుడు అడిగాడని నూడుల్స్ వండడమూ అంతే.

### 516ఈ రోడ్డు పూర్తయితే

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి మన్యాన్ని పొడవునా కలుపుతోంది. దీని వల్ల రెండు మార్పులు ఊహించవచ్చు. మారేడుమిల్లి వైపు నుంచి ఎక్కి అరకు వైపు దిగే రెండు మూడు రోజుల యాత్ర సులువవుతుంది. అంటే విశాఖకు తిరిగి వెళ్లే అవసరం లేని రాత్రులు పెరుగుతాయి. రెండోది, రోడ్డు పక్క చెక్కలకు విలువ ఒక్కసారిగా పెరిగి బినామీ బేరాలు ముమ్మరమవుతాయి.

డోలీలో గర్భిణిని మోసుకొచ్చే లోతట్టు గూడేలకు ఈ రోడ్డు దానంతట అది చేరదు. బాగా వెనుకబడిన గిరిజన తెగల కోసం 2023 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ పథకం కింద మంజూరయ్యే అనుబంధ రోడ్లు పడితేనే అక్కడి పసుపు, కాఫీ, రాజ్మా కూడా కూడలి దాకా దిగుతాయి. కూడళ్లలో దుకాణాలు లేవడం ఎలాగూ ఆగదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పంచాయతీలకు సంబంధించిన 1996 పెసా చట్టం సంతల మీద అజమాయిషీని, అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. రోడ్డు పని సాగుతుండగానే కూడలి గ్రామాల సభలు ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో, ఏ షెడ్డు కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో జాబితా రాసి తీర్మానం చేయించుకుంటే, రేపు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు పనికొచ్చే మొదటి కాగితం అదే అవుతుంది.